మూత తీయకుండా బీరు ఎందాకా వచ్చిందో తెలుసుకోవడం

(జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లు కొందరు కలిసినప్పుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం. ఇవాళ సంగతి ఐస్పిండెల్, అంటే పులుస్తున్న బీరులో తేలుతూ, అందులో చక్కెర ఎంత మిగిలిందో వైఫైలో చెప్పే, ఇంట్లోనే చేసుకోగల చిన్న పరికరం.

ముందుగా చట్టం సంగతి చెప్పేస్తాను, లేకపోతే చివర్లో అందరూ అదే అడుగుతారు. ఇక్కడ జర్మనీలో సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చు, అమ్మకూడదు, కొంత పరిమాణం వరకు పన్ను లేదు. బీరు పన్ను కస్టమ్స్ వాళ్ల పరిధిలో ఉంటుంది కాబట్టి ఇప్పటి పరిమితి ఎంతో వాళ్ల దగ్గరే చూసుకోండి. అమెరికాలో 1978లో చట్టం మారింది, ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువ ఉంటే 200. మన దగ్గర, అంటే ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ, లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి సెలవులకి వెళ్లినప్పుడు ఊళ్లో బకెట్ పెట్టి ప్రయోగం చేద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. పరికరం చేయడం నేరం కాదు, దాన్ని చక్కెర నీళ్లలో తేలించడమూ నేరం కాదు. ఇవాళ మనం మాట్లాడుకునేదాంట్లో చాలాభాగం చక్కెర నీళ్ల గురించే.

హైడ్రోమీటర్ అంటే ఏంటో మీలో సగం మందికి తెలియకుండానే తెలుసు. ఊళ్లో పాలకేంద్రంలో పాలల్లో ఒక గాజు గొట్టం వేసి, నీళ్లు కలిపారో లేదో చూస్తారు కదా, లాక్టోమీటర్, అదీ ఇదీ ఒకటే జాతి. ద్రవం చిక్కగా ఉంటే గొట్టం పైకి తేలుతుంది, పలచగా ఉంటే మునుగుతుంది. పాలల్లో నీళ్లు చూసినట్టే ఇక్కడ చక్కెర చూస్తాం. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని వర్ట్ అంటారు. అందులో ఈస్ట్ వేస్తే అది చక్కెర తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు చేస్తుంది. చక్కెర తగ్గేకొద్దీ సాంద్రత తగ్గుతుంది. నీళ్ల సాంద్రతని 1.000 అనుకుంటే, మొదట్లో 1.050 ఉన్నది చివరికి 1.010కి వచ్చిందనుకోండి, ఆ తేడాని 131 తో గుణిస్తే ఆల్కహాలు శాతం దాదాపు వచ్చేస్తుంది, ఇక్కడ 5.2 చిల్లర.

జర్మనీలో మాత్రం 1.050 అనరు, 12 ప్లేటో, 13 ప్లేటో అంటారు. వంద గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉంటే అన్ని ప్లేటోలు. ఈ ప్లేటో గ్రీకు తత్త్వవేత్త కాదు, ఫ్రిట్జ్ ప్లేటో అనే జర్మన్. అంతకు ముందు 1843లో ప్రేగ్‌లో కార్ల్ బాలింగ్ అనే ఆయన చక్కెర ద్రావణాల సాంద్రతలు కొలిచి పట్టికలు వేశాడు, తర్వాత ప్లేటో వాళ్లు వాటిని ఇంకాస్త సరిదిద్దారు. ఈ చక్కెర పట్టికే మనకి అసలు ఆయుధం, ఎలాగో కాసేపట్లో చెప్తాను.

మరి గాజు హైడ్రోమీటర్ ఉండగా ఇంకోటి ఎందుకు? గాజుదాంతో కొలవాలంటే మూత తీయాలి, నమూనా తీయాలి. తీసిన ప్రతిసారీ గాలి లోపలికి వెళ్తుంది, దాంతోపాటు అడ్డమైన సూక్ష్మజీవులూ వెళ్లొచ్చు. నమూనా వంద మిల్లీలీటర్లు తిరిగి పోయకూడదు, అంటే అదీ పోయినట్టే. అందుకని అందరూ చేసేదేంటంటే, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకటి రెండుసార్లు కొలిచి మధ్యలో ఏం జరిగిందో దేవుడికే వదిలేస్తారు. అసలు కథంతా ఆ మధ్యలోనే ఉంటుంది.

దీనికి అమెరికాలో టిల్ట్ అని ఒక పరికరం వచ్చింది, బ్లూటూత్‌తో పనిచేస్తుంది, ధర వంద డాలర్లు దాటే ఉంటుంది. అదే ఆలోచనని ఇక్కడ జర్మనీలో ఒక హాబీ ఇంజనీరు 2017 ప్రాంతంలో చౌక విడిభాగాలతో, వైఫైతో చేసి, ప్రోగ్రాము, బొమ్మలు అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అదే ఈ ఐస్పిండెల్. ఇవాళ నేను చెప్పేది దాని గురించే. భాగాలన్నీ కలిపి 20, 30 యూరోల్లో అయిపోతుంది, టంకం వేయడం కాస్త వచ్చి ఉంటే చాలు.

ఇది కొలిచేది సాంద్రత కాదు, వాలు. ఒక ప్లాస్టిక్ గొట్టం, అందులో ఒకవైపుకి బరువు. నీళ్లలో వేస్తే నిటారుగా నిలబడదు, కొంచెం వాలి తేలుతుంది. ఇప్పుడు చక్కెర కలిపారు, ద్రవం చిక్కబడింది, గొట్టం పైకి తేలింది. మునిగిన భాగం తగ్గింది కాబట్టి ద్రవం దాన్ని పైకి నెట్టే కేంద్రం కిందికి, అంటే గొట్టం బరువు కేంద్రానికి దగ్గరగా జరుగుతుంది. అప్పుడు దాన్ని నిలబెట్టే బలం తగ్గి ఇంకా వాలిపోతుంది. ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఇదంతా తిరగబడి, రోజురోజుకీ నెమ్మదిగా లేచి నిలబడుతుంది. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు. లోపల ఒక యాక్సెలరోమీటర్ ఉంటుంది, మీ ఫోన్ తిప్పితే స్క్రీన్ తిరగడానికి వాడేలాంటిదే. అది భూమి ఆకర్షణ ఏ దిక్కున ఉందో చూసి కోణం చెప్తుంది.

భాగాలు చూపిస్తాను, ఈ టేబుల్ మీదున్నవి చేతుల్లోకి తీసుకుని చూడండి, బ్యాటరీని మాత్రం కింద పడేయకండి. ఇది వీమోస్ డీ1 మినీ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, లోపల ఈఎస్‌పీ8266 చిప్, వైఫై దీనిదే. ఈ చిన్న నీలం బోర్డు జీవై-521, దాని మీద ఎంపీయూ-6050 చిప్, ఇందాక చెప్పిన యాక్సెలరోమీటర్ ఇదే. అందులో గైరోస్కోపు కూడా ఉంది కానీ మనకి అక్కర్లేదు. మూడు కాళ్ల ఈ నల్లటిది డీఎస్18బీ20, ఉష్ణోగ్రత చూస్తుంది, అర డిగ్రీ అటూ ఇటూ. ఇది 18650 లిథియం సెల్, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు, సుమారు 45 గ్రాములు. దీన్ని ఛార్జ్ చేయడానికి టీపీ4056 బోర్డు. ఒక స్విచ్చు, మూడు రెసిస్టర్లు. ఇవన్నీ పట్టే గొట్టం ఇదిగో, కూల్‌డ్రింకు సీసాని ఊదకముందు ఉండే ప్రీఫామ్. మందంగా ఉంటుంది, మూతకి మర ఉంటుంది, పారదర్శకం. జర్మనీలో అడవుల్లో వస్తువులు దాచి వెతుక్కునే జియోకాషింగ్ ఆటవాళ్లు ఇవే వాడతారు, అందుకే సులువుగా దొరుకుతాయి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. 18650 మీద 9900 ఎంఏహెచ్ (మిల్లీఆంపు-గంటలు, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంటే అది అబద్ధం, మంచి కంపెనీ సెల్ కూడా 3500 దగ్గరే ఆగుతుంది. ఎంపీయూ-6050లో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. కొన్ని పనిచేస్తాయి కానీ తమ గుర్తింపు సంఖ్య వేరేగా చెప్తాయి, దాంతో ప్రోగ్రాము వాటిని గుర్తుపట్టదు. మీ టంకం బాగానే ఉంటుంది, మీరు మాత్రం రాత్రంతా టంకాన్నే తిట్టుకుంటారు. కాబట్టి టంకం వేయకముందే తీగలతో తాత్కాలికంగా కలిపి కోణం వస్తోందో లేదో చూసుకోండి.

కనెక్షన్ల బొమ్మ గోడ మీద ఉంది, చదివి విసిగించను. రెండే చెప్తాను. డీ0 పిన్ను నుంచి రీసెట్ పిన్నుకి ఒక తీగ వెళ్తుంది, మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్. ఇది లేకపోతే పరికరం నిద్రపోయి మళ్లీ లేవదు. ఈఎస్‌పీ8266 గాఢనిద్రలో ఉండగా లోపలి గడియారం ఒక్కటే నడుస్తుంది, టైమ్ అవగానే అది డీ0 ద్వారా తనని తానే రీసెట్ చేసుకుంటుంది. రెండోది, జీవై-521 మీద ఎప్పుడూ వెలిగే చిన్న ఎల్ఈడీ ఉంటుంది, దాన్ని పీకేయండి. ఇంత చిన్న దీపం ఏం చేస్తుందిలే అనుకోవద్దు, పరికరం నిద్రపోతున్నప్పుడు కూడా అది కరెంటు తాగుతూనే ఉంటుంది.

బ్యాటరీ లెక్క చూద్దాం, ఇది నాకిష్టమైన భాగం. లేచి, వైఫైకి కలిసి, లెక్క పంపి, మళ్లీ పడుకోవడానికి ఒక 5 సెకన్లు అనుకుందాం, ఆ సమయంలో సగటున 80 మిల్లీఆంపులు. అంటే ఒక్కసారికి 0.11 ఎంఏహెచ్. 15 నిమిషాలకోసారి లేస్తే రోజుకి 96 సార్లు, దాదాపు 11. నిద్రలో బోర్డు మొత్తం కలిపి 0.15 మిల్లీఆంపు తాగుతుందనుకుంటే రోజుకి ఇంకో మూడున్నర. మొత్తం 14, 15. సెల్‌లో వాడుకోగలిగేది 2000 ఉంటే లెక్క ప్రకారం నాలుగు నెలల పైనే. నిజంలో అంత రాదు, సిగ్నల్ సరిగ్గా లేకపోతే కలవడానికే 15 సెకన్లు పడుతుంది, వోల్టేజీ తగ్గాక వైఫై లేవనని మొరాయిస్తుంది. అయినా ఒక బ్యాచ్‌కి నిశ్చింత. అదే నిమిషానికోసారి పంపించమంటే రోజుకి 160 దాటుతుంది, రెండు వారాల్లోపే ఖాళీ. రెండు మూడు వారాలు నడిచే వ్యవహారానికి నిమిషం నిమిషం లెక్క ఎందుకు చెప్పండి, 15 నిమిషాలు ధారాళంగా సరిపోతుంది.

*అన్నా, బీరులో మునిగి ఉన్నదానికి వైఫై ఎలా అందుతుంది?*

మంచి ప్రశ్న. పూర్తిగా మునగదు, తల పైన ఉంటుంది. అందుకే బ్యాటరీ కింద, యాంటెన్నా ఉన్న వైపు పైన. ప్లాస్టిక్ బకెట్ అయితే గొడవ లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, దాన్ని మళ్లీ ఇనప ఫ్రిజ్‌లో పెట్టి తలుపేస్తే సిగ్నల్ బయటికి రావడం కష్టం. అలాంటివాళ్లు రౌటరో చిన్న రిపీటరో ఫ్రిజ్ పక్కనే పెట్టుకోవాలి. ఇంకోటి, ఈ చిప్‌కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, 5 తెలియదు. కొందరి ఇళ్లలో కొత్త రౌటర్‌కి కలవకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు పని, కాలిబ్రేషన్, అంటే ఏ కోణానికి ఎంత చక్కెరో పరికరానికి నేర్పడం. టంకం ఒక పూటలో అయిపోతుంది, దానికి ఎవరూ భయపడక్కర్లేదు. పరికరం మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, ఇంకొకరి సమీకరణం తెచ్చి తమ దాంట్లో పెట్టుకుంటారు. అది కుదరదండీ. మీ టంకం బరువు వేరు, మీ తీగ పొడవు వేరు, మీ సెల్ అర మిల్లీమీటరు పక్కకి ఉంటుంది. ప్రతి గొట్టానికీ దాని లెక్క దానిదే.

ముందు మామూలు నీళ్లలో, 20 డిగ్రీల దగ్గర, వాలు సుమారు 25 డిగ్రీలు రావాలి. రాకపోతే సెల్‌ని అటూ ఇటూ జరపండి, చిన్న నట్టో వాషరో టేపుతో అంటించండి. తేమ పట్టకుండా సిలికా జెల్ పొట్లం పెట్టాలనుకుంటే ఇప్పుడే పెట్టేయండి, తర్వాత పెడితే బరువు మారుతుంది. వచ్చాక లోపల ఏదీ కదలకుండా గట్టిగా బిగించేయండి. ఆ తర్వాత మూత విప్పి లోపల ఏది జరిపినా మళ్లీ మొదటికి రావాల్సిందే.

తర్వాత ఒక బకెట్‌లో మూడు కిలోల నీళ్లు. లీటరు చెంబులో చేయొద్దు, గొట్టం గోడకి తగిలితే కోణం తప్పు. వంటింటి తూకం ఒకటి కావాలి. నీళ్లలో ఒక రీడింగు. 158 గ్రాముల చక్కెర వేసి బాగా కరిగించండి, అది 5 ప్లేటో, అంటే 1.020 దగ్గర. మొత్తం చక్కెర 333 గ్రాములు అయ్యేలా ఇంకొంచెం వేయండి, 10 ప్లేటో, 1.040. మొత్తం 529 అయితే 15 ప్లేటో, 1.061. మొత్తం 750 అయితే 20, అది 1.083. బాలింగ్ గారి పుణ్యం, తూకం సరిగ్గా ఉంటే గాజు హైడ్రోమీటర్ కూడా అక్కర్లేదు. మధ్యలో ఇంకో రెండు రీడింగులు, 2.5 దగ్గర ఒకటి, 7.5 దగ్గర ఒకటి, పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే బీరు ఆగేది ఆ కింది భాగంలోనే. ప్రతిసారీ బుడగలు అంటుకోలేదని చూసుకుని, నీళ్లు కుదురుగా ఉన్నాక కోణం రాసుకోండి. నా దాంట్లో నీళ్లలో 25, 10 ప్లేటోలో 45 దగ్గర, 20లో 60 దాటింది. మీది వేరుగా వస్తుంది.

ఆ రీడింగులన్నీ స్ప్రెడ్‌షీట్‌లో చుక్కలుగా వేసి వాటి గుండా రెండో లేదా మూడో ఘాతం బహుపది, అంటే ఒక వంపు గీత, గీయించుకుని, ఆ సమీకరణాన్ని పరికరంలో పెట్టాలి. చుక్కలు తక్కువ ఉన్నప్పుడు మూడో ఘాతం జోలికి పోకండి, చుక్కల మీదుగా అందంగా వెళ్తుంది కానీ మధ్యలో వంకర్లు తిరుగుతుంది. ఇంకో సంగతి, 20 వరకే కొలిచి 24 ప్లేటో ఉన్న ఇంపీరియల్ స్టౌట్ లాంటి ఘాటు బీరులో వేస్తే అది చెప్పే సంఖ్యకి విలువ లేదు. కొలవని చోట గీత ఎటు పోతుందో గీతకే తెలియదు.

*ఇంత చేశాక కచ్చితంగా చెప్తుందాండీ?*

చెప్పదు. ఇది సూటిగానే చెప్పాలి, ఎందుకంటే దీన్ని కొన్నవాళ్లూ చేసినవాళ్లూ ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. పరికరం బరువు వంద గ్రాములనుకోండి. 1.050 నుంచి 1.010కి దిగినప్పుడు అది తొలగించే ద్రవం 95 మిల్లీలీటర్ల నుంచి 99కి మారుతుంది. అంటే మొత్తం కథ 4 మిల్లీలీటర్లలో జరుగుతోంది. ఇప్పుడు పులుస్తున్నప్పుడు లేచే నురుగు, ఈస్ట్ బురద, హాప్స్ (బీరుకి చేదు కోసం వేసే పువ్వులు) ముక్కలు గొట్టం తల మీద ఒక్క గ్రాము అంటుకున్నాయనుకోండి, వంద గ్రాములకి ఒక గ్రాము, లెక్కలో 10 పాయింట్ల (అంటే 0.010) వరకు తేడా చూపించొచ్చు. బుడగలు కింద పేరుకుంటే ఇంకోవైపుకి తేడా. కాబట్టి 1.012 అని చూపిస్తే అది 1.012 అని ప్రమాణం చేయకండి. చివరి సంఖ్యకి గాజు హైడ్రోమీటరే. సీసాల్లో నింపేముందు దాంతో కొలవకుండా, ఈ గ్రాఫు చూసి నింపేసి, చక్కెర ఇంకా మిగిలుంటే సీసాలు పేలతాయి, గాజు ముక్కలతో పరాచికాలు కాదు.

మరి దేనికయ్యా ఇదంతా అంటే, రోజురోజుకీ సాంద్రత ఎలా మారిందో చూపించే గీత ఆకారం కోసం. సంఖ్య తప్పినా ఆకారం చాలావరకు తప్పదు. ఈస్ట్ వేసిన తర్వాత గీత అడ్డంగా ఉంటుంది, కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా. కొత్తవాళ్లకి ఇక్కడే టెన్షన్, చచ్చిపోయిందేమో ఇంకో పొట్లం వేద్దామా అని. గీత చిన్నగా వంగడం మొదలైతే హాయిగా పడుకోవచ్చు. తర్వాత నిటారుగా కిందికి దిగుతుంది, అదే సమయంలో ఉష్ణోగ్రత గీత పైకి లేస్తుంది, ఈస్ట్ పనిచేస్తూ వేడి పుట్టిస్తుంది కాబట్టి. ఏల్ అనే రకం బీరుకి వాడే ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు పెట్టాలనుకుని గది 21 ఉంచితే లోపల 24, 25 కూడా అయిపోవచ్చు, అది ఈ గీతలో కనిపిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, సెన్సారు గొట్టం లోపలి గాలిని చూస్తోంది కాబట్టి కొంచెం ఆలస్యంగా చెప్తుంది.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం లాగర్ రకం బీరులో. లాగర్‌ని 10, 12 డిగ్రీల దగ్గర పులియబెడతారు, అప్పుడు డయాసెటిల్ అని వెన్న వాసన వచ్చే పదార్థం మిగిలిపోతుంది. ఈస్ట్ ఇంకా చురుగ్గా ఉండగానే, చివరి సంఖ్యకి రెండు మూడు ప్లేటోలు మిగిలి ఉన్నప్పుడు, ఉష్ణోగ్రత 16, 18కి పెంచితే అదే దాన్ని శుభ్రం చేసుకుంటుంది. ఆలస్యం చేస్తే ఈస్ట్ అడుగున పడుకుని ఉంటుంది, లేపడం కష్టం. ఈ సమయం ఎప్పుడొస్తుందో కేలెండరు చెప్పదు. గీత చెప్తుంది, అది కూడా మీరు ఆఫీసులో ఉండగా ఫోన్‌లోనే. హీటర్ వేయమని ఇంట్లోవాళ్లకి మెసేజ్ పెట్టే బదులు హీటర్ స్విచ్చుకి కలిపేస్తే దానంతటదే ఆన్ అవుతుంది. నేను రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, లెక్కలు దాచే ఇన్‌ఫ్లక్స్ డీబీ, గీతలు గీసే గ్రాఫానా పెట్టుకున్నాను. అదంతా వద్దనుకునేవాళ్లు బ్రూఫాదర్ లాంటి యాప్‌కి నేరుగా పంపొచ్చు. పరికరం పంపేది కోణం, ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజీ, సాంద్రత, సిగ్నల్ బలం, అంతే.

శుభ్రం గురించి ఒక్క మాట. ఈ ప్లాస్టిక్ 70, 80 డిగ్రీలకి మెత్తబడుతుంది, మరిగే నీళ్లు పోయకండి. మామూలు నీళ్లతో కడిగి, కడగక్కర్లేని శానిటైజర్‌లో ముంచి వేయండి. ఛార్జింగ్ ఎప్పుడూ, లోపలి భాగాలు ఒకదానికొకటి కదలకుండా మొత్తంగా గొట్టంలోంచి బయటికి తీసే చేయండి, మీరు చూస్తుండగానే. లిథియం సెల్‌ని మూతపెట్టిన గొట్టంలో ఛార్జ్ చేస్తూ నిద్రపోవడం నాకు నచ్చదు.

*అన్నా, తాటికల్లులో వేస్తే?*

(నవ్వులు)

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. సూత్రం పనిచేస్తుంది, తాటి నీరాలో కూడా చక్కెర పదీ పన్నెండు శాతం ఉంటుంది కాబట్టి మన కాలిబ్రేషన్ పరిధిలోనే ఉంది. కానీ అది చెట్టు మీద కుండలో ఉండగానే పులవడం మొదలుపెడుతుంది, గంటల్లో పని అయిపోతుంది. 15 నిమిషాల విరామం అక్కడ మరీ ఎక్కువ, రెండు మూడు నిమిషాలు పెట్టుకోవాలి, ఒక రోజే కాబట్టి బ్యాటరీకి బాధ లేదు. గొట్టం ఆ మూతిలోంచి పట్టి, గోడకి తగలకుండా తేలేంత పెద్ద కుండ కావాలి. ఇక వైఫై తాటిచెట్టు పైదాకా నువ్వే తీసుకెళ్లాలి తమ్ముడూ.

*కాలిబ్రేషన్ ఎన్నాళ్లకోసారి చేయాలండీ?*

ప్రతి బ్యాచ్ ముందు మామూలు నీళ్లలో వేసి చూడండి, 20 డిగ్రీల నీళ్లు, మొదటిసారి రాసుకున్న కోణమే వస్తే వాడుకోండి. అర డిగ్రీకి మించి తేడా ఉంటే లోపల ఏదో కదిలింది, లేదా మూత దగ్గర తడి చేరింది. విప్పి చూసి, మళ్లీ చక్కెర కొనుక్కోండి.